ఎవరి బూటురా అది

మూడింటికి పిలుస్తామన్నారు, ఇప్పుడు రెండూ పదే అయింది, నాన్నతో వస్తే ఎప్పుడూ ఇంతే, రైలైనా పెళ్లైనా విచారణైనా గంట ముందు వెళ్లి కూర్చోవాలి. నాలుగో అంతస్తు, బూడిదరంగు తివాచీ, గోడవార నాలుగు కుర్చీలు, అద్దంలోంచి చూస్తే కింద పారమట్టా వీధి, రోడ్డు పట్టాల మీద లైట్ రైల్ గంట కొట్టుకుంటూ మెల్లగా మలుపు తిరుగుతోంది. నాన్న నా పక్కన కూర్చుని ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ బిగిస్తున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, టై కట్టుకొచ్చాడు. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చని కమిటీవాళ్లు ఉత్తరంలో రాశారు, తోడొచ్చినవాళ్లు లోపల నోరు మెదపకూడదని కూడా రాశారు. మా ఆవిడ సింధుజ సెలవు పెడతానంది, వద్దు, నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా, ఒక్కణ్ణే వెళ్తానన్నాను. తీరా చూస్తే టూంగాబీ స్టేషన్లో ఈయన నాకంటే ముందొచ్చి నిలబడి ఉన్నాడు. "చలపతి, సపోర్ట్ పర్సన్ అని నా పేరు రాయించానురా, ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను" అన్నాడు. ఆడిన చివరి పద్నాలుగేళ్లూ నా ఆటకి ఒక్కసారి రాని మనిషి, నేను ఆట మానేసి పదేళ్లయ్యాక ఇవాళ వచ్చాడు. నాకు చిరాకు ముక్కు మీదే ఉంటుంది, గట్టిగానే అందామనుకున్నాను, ఆ టై చూసి ఊరుకున్నాను.

పని చాలా చిన్నది అన్నాడు డెన్నిస్ నిన్న ఫోన్లో. మా క్రికెట్ క్లబ్బు అధ్యక్షుడు డెన్నిస్, నన్ను ఇరవయ్యో ఏటినుంచి ఎరిగున్నవాడు, నేనంటే ప్రేమే, అది కాదనను. ఎప్పుడూ చెప్పిందే చెప్పు మేట్, పది నిమిషాల్లో అయిపోతుంది అన్నాడు. నేను ఎప్పుడూ చెప్పింది నాలుగు వాక్యాలు. పద్నాలుగేళ్ల కిందట రాహుల్ అనే బౌలరు, మనవాడే, గుంటూరువాళ్ల అబ్బాయి, మా డ్రెస్సింగ్ రూములో తనని అవమానించారని ఫిర్యాదు చేస్తే అప్పటి కెప్టెన్‌గా నేను రాసిచ్చిన ఉత్తరంలోని నాలుగు వాక్యాలు. వాటితో ఫిర్యాదు మూతబడింది, రాహుల్ ఆట మానేశాడు. ఇప్పుడు అలాంటి పాత ఫిర్యాదులన్నీ మళ్లీ వినడానికి క్లబ్బులతో సంబంధం లేని ముగ్గుర్ని కూర్చోబెట్టారు. ఫిబ్రవరిలో క్లబ్బు కొత్త ప్రాక్టీసు నెట్స్‌కి నా పేరు పెడుతున్నారు, బోర్డు తయారైందట, దాని ఫొటో పంపాడు డెన్నిస్, నీలం మీద తెల్ల అక్షరాలు. ఫొటో ముందు, ఫోన్ తర్వాత. ఆమాత్రం అర్థం కానివాణ్ణి కాదు నేను. అయినా సరే మేట్, నో వరీస్ అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చేస్తుందో చూస్తే నాకే ఒళ్లు మండుతుంది.

ఈ తివాచీ వాసన మా స్కూలు హాలు వాసన. ఎనిమిదో ఏట తెనాలి నుంచి ఈ దేశం తెచ్చి పడేశారు నన్ను ఆ స్కూల్లో. నేను నోరు తెరిస్తే పిల్లలు నవ్వేవారు, బంతి విసిరితే నవ్వేవారు కాదు, వారం తిరక్కుండానే ఆ తేడా పట్టుకున్నాను. పన్నెండో ఏట నాన్న క్లబ్బుకి తీసుకెళ్తే కోచ్ నన్ను పైనుంచి కిందదాకా చూసి స్పిన్నర్ల నెట్‌లోకి పంపాడు. ఇండియా నుంచి కదా, స్పిన్నే వేస్తావులే అన్నాడు. నేను జన్మలో స్పిన్ వేసినవాణ్ణి కాదు. నాన్న కారు పక్కన నిలబడి చెప్పినట్టు వినరా అన్నట్టు తలూపాడు. రెండేళ్లు వేశాను స్పిన్, అక్షరాలా రెండేళ్లు, పక్క నెట్‌లో నాకంటే పొట్టివాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి బంతులేస్తుంటే కడుపు రగిలిపోయేది. ఒక గురువారం సాయంత్రం ఏం పుట్టిందో ఏమో, బంతి పట్టుకుని వెనక్కి నడిచాను, పదిహేడు అడుగులు, కోచ్ ఏదో అరుస్తున్నాడు, వినలేదు, పరిగెత్తాను. మధ్య స్టంపు ఎగిరి వెనక వలలో పడింది. ఎవరి అనుమతీ అడక్కుండా నా బతుకులో నేను చేసిన పని అదొక్కటే. ఇంకోటేమైనా ఉందా? ఆలోచిస్తున్నాను, కింద ఇంకో లైట్ రైల్ కూడా వెళ్లిపోయింది, లేదు.

ఆ వారం నుంచి నా బూట్ల పని నాన్న తీసుకున్నాడు. రైల్వే ఆఫీసులో సిగ్నళ్ల డ్రాయింగులు గీసే ఉద్యోగం ఆయనది, ఒక గీత పక్కకి జరిగితే రెండు బళ్లు గుద్దుకుంటాయిరా అనేవాడు, ఆ కన్ను అలాంటిది. శుక్రవారం సాయంత్రం గరాజులో పాత పేపరు పరిచి, పాత టూత్‌బ్రష్షుతో కుట్ల మధ్య మట్టంతా తీసి, తెల్ల పాలిష్ రెండు పూతలు పూసేవాడు. తర్వాత మోచేతులదాకా సబ్బుతో కడుక్కునేవాడు, ఎందుకంటే బూటు ముట్టిన చేత్తో మంచినీళ్ల గ్లాసు ముట్టుకుంటే అమ్మ ఊరుకోదు. మా ఇంట్లో చెప్పులు గడప దాటి లోపలికి రావు, కాలు పుస్తకానికి తగిలితే కళ్లకద్దుకోవాలి, అలాంటి ఇల్లు. కొడుకు బూట్లు తండ్రి తుడవడమేమిటండీ అని అమ్మ అంటే, "ఆ గ్రౌండులో మనవాడొక్కడే శ్యామూ, పదిమందీ వాణ్ణి కాలిగోటి దగ్గర్నించి చూస్తారు" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. ఎవరు చూస్తారు నాన్నా బూట్లు అనేవాణ్ణి.

ఇరవయ్యో ఏట, నవంబరులో, ఫస్ట్ గ్రేడ్ అంటే క్లబ్బు పెద్ద జట్టులోకి తీసుకున్నారు. నూటపదేళ్ల క్లబ్బు, గోడలనిండా జట్ల ఫొటోలు, ఒక్క నల్ల మొహం లేదు, నాదే మొదటిది. నాలుగు వికెట్లు తీశాను. ఎండలో మడత కుర్చీ వేసుకుని నాన్న ప్రతి బంతీ నోటుబుక్కులో రాసుకున్నాడు, ఆట అయ్యాక పిల్లల మధ్య నేనెందుకని వెళ్లిపోయాడు. డ్రెస్సింగ్ రూములో ఒక ఆచారం, మొదటిసారి పెద్ద జట్టుకి ఆడినవాడు తన బూటొకటి విప్పి అందులో బీరు పోయించుకుని తాగాలి. అందరూ తాగినవాళ్లే, డెన్నిస్ తాగాడు, వాళ్ల నాన్న తాగాడు. వాళ్లకది సరదా, నిజంగా సరదానే, వాళ్లలో ఎవరి అమ్మా గడప దగ్గర చెప్పులు విప్పమనలేదు. నేనూ సిద్ధపడే వంగి లేసు పట్టుకున్నాను. వద్దు వద్దు, ఆ బూట్లు మరీ శుభ్రంగా ఉన్నాయి అన్నారెవరో, నీకోసం వేరేది ఉంది అన్నారు. టాయిలెట్ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టే బూటు ఒకటుండేది, ఎవరిదో తెలీదు, లేసు లేదు, అడుగంతా నల్లగా నానిపోయి ఉండేది, బొద్దింకల్ని కొట్టేదీ దాంతోనే. అది తెచ్చారు. మీ దేశంలో ఇంతకంటే చెడ్డవి తాగే వచ్చుంటావులే అన్నాడు వికెట్‌కీపరు. గది గదంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నవ్వింది నేను. తాగాను. ఫొటో తీశారు. ఇంటికొచ్చి ఎన్నిసార్లు పళ్లు తోముకున్నానో లెక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, ఏడ్చాను, ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి శనివారం నాన్న క్లబ్బు హాల్లోకి టీ కోసం వచ్చి బోర్డు మీద ఆ ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. నేను వెనక నిలబడి ఉన్నాను, చేతిలో కేకు ముక్క. "ఎవరి బూటురా అది?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. నాదే నాన్నా అన్నాను, ఎవరి బూటులో వాళ్లే తాగుతారు, ఇక్కడి ఆచారం అన్నాను. సరే అన్నాడు. టీ తాగకుండా కుర్చీ మడిచి కారులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాతి శుక్రవారం గరాజులో పేపరు పరవలేదు, ఇంకెప్పుడూ పరవలేదు. బీరు తాగానని కోపం అనుకున్నాను, పాతకాలం మనిషి, నాలుగు రోజులు పోతే ఆయనే వస్తాడనుకున్నాను. రాలేదు. నేనూ బతిమాలలేదు. పౌరుషం ఇద్దరికీ ఒకటే కదా.

ఆ ఫొటో బోర్డు మీంచి గోడకెక్కింది, ఫ్రేములోకెక్కింది, నేనూ పైకెక్కాను. మూడేళ్లకి రాష్ట్ర జట్టులోకి తీసుకుని టోపీ ఇచ్చారు, మొదటివాడన్నారు పేపర్లో, ఎక్కడికెళ్లినా మొదటివాడే, నాకు పేరు లేనట్టు. మన తెలుగు సంఘంవాళ్లు శాలువా కప్పి మన పిల్లలకి తలుపు తెరిచాడన్నారు, చప్పట్లు కొట్టారు, తలుపుకి అడ్డం ఏం పెట్టారో నాకు కదా తెలుసు. బౌండరీ దగ్గర నిలబడితే వెనకనుంచి నా యాస అనుకరించేవాళ్లు, నాకు లేని యాస. అరటితొక్క ఒకటి వచ్చి భుజం మీద పడింది ఒకసారి. వెనక్కి తిరిగి నవ్వి చెయ్యూపేవాణ్ణి, తర్వాతి ఓవరులో ఆ మంటంతా బంతిలో పెట్టేవాణ్ణి, ఎదురుగా ఉన్నవాడి పక్కటెముకలకి తగిలేది, వాడేం చేశాడు పాపం. పదకొండు మ్యాచులు, ముప్ఫై ఎనిమిది వికెట్లు, తర్వాత మోకాలు పోయింది, మళ్లీ క్లబ్బు ఆటే. అయినా బాగుండేది, ఆ పదిహేడు అడుగులు బాగుండేవి, చెవుల్లో గాలి తప్ప ఏమీ వినిపించేది కాదు. మిగతా రోజంతా నవ్వడమే నా పని. భాస్కర్ మంచివాడు, దేనికీ బాధపడడు అనేవాళ్లు. అలా అనిపించుకోవడానికి నేనెంత కష్టపడ్డానో ఎవరికి తెలుసు.

నా ముప్ఫయ్యో ఏట వచ్చాడు రాహుల్. పందొమ్మిదేళ్లు, చేతులు పొడుగు, బంతి వేస్తే నాకంటే వేగం. అన్నా అన్నా అంటూ నా వెనకే తిరిగేవాడు, నన్ను చూసే ఆట మొదలుపెట్టాడట. వాళ్లమ్మ శేషుకుమారి ఆంటీ ప్రతి శనివారం నాకూ వాడికీ కలిపి పులిహోర పంపేది. వాడు మొదటి మ్యాచ్‌లో నాలుగు వికెట్లు తీశాడు, నాలాగే. సాయంత్రం ఆ బూటు తెచ్చారు, అదే, అన్నేళ్లయినా అక్కడే ఉండేది. వాడు నవ్వలేదు. "కప్పులో పోయండి, ఎంతైనా తాగుతా, ఇందులో తాగను" అన్నాడు, మర్యాదగానే అన్నాడు. నావైపు చూశాడు. నేను కెప్టెన్ని. ఒక్క మాట అంటే ఆగిపోయేది, ఒక్కటంటే ఒక్కటి. తాగేయరా, అయిపోతుంది అన్నాను తెలుగులో, మెల్లగా, ఏదో మేలు చేస్తున్నట్టు. ఇద్దరు పట్టుకున్నారు, ఒకడు నెత్తిన పోశాడు, బూటు మొహానికి నొక్కితే దాని అడుగు మేకు తగిలి పై పెదవి చిట్లింది. రక్తం చూసి అందరూ ఆగారు. వాడు తుడుచుకోకుండానే కిట్‌బ్యాగు సర్దుకున్నాడు. నాకు వాడి మీద కోపం వచ్చింది, ఇది మాత్రం నిజం చెప్పాలి, జాలి కాదు, కోపం. నేను తాగగాలేంది నీకేం వచ్చిందిరా అని. వాడు వద్దనగలిగాడంటే నేనూ అనగలిగి ఉండేవాణ్ణనేగా.

అందుకే రాశాను ఆ ఉత్తరం. కంఠతా వచ్చు నాకు. మొదటి మ్యాచ్ రోజు నేను నా సొంత బూటులో ఇష్టపూర్వకంగా తాగాను. ప్రతి ఆటగాడూ అలాగే చేస్తాడు. ఎవరినీ బలవంతపెట్టరు. రాహుల్ మంచివాడే కాని కలుపుగోలుతనం తక్కువ. డెన్నిస్ చదివి నా భుజం తట్టాడు, నీ అంతటివాడు చెప్పాక ఇంకేముంది అన్నాడు. రాహుల్ నోరు మూయించింది వాళ్లు కాదు, నేను, నా రంగు చూపించి మూయించాను. నెల తర్వాత శేషుకుమారి ఆంటీ మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. చెప్పులు విప్పి గడప లోపల నిలబడింది. "నువ్వున్నావని పంపించాను బాబూ," అంది. మళ్లీ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఎవరైనా నాలుగు తిట్లు తిడితే బతకొచ్చు.

నిన్న పింకీ, నా కూతురు, టేబుల్ మీద పెట్టిన కాగితాలు చదివేసింది. పదమూడేళ్లు, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఈ సీజన్ అదే క్లబ్బులో అమ్మాయిల జట్టులో చేరింది, పదిహేడు అడుగులు ఎవరూ చెప్పకుండానే లెక్కపెట్టుకుంది. "డాడ్, ఇఫ్ దే బ్రింగ్ ఇట్ టు మీ, వాట్ షుడ్ ఐ డూ?" అంది, అన్నం కలుపుకుంటూ, రేపు గొడుగు తీసుకెళ్లనా అన్నంత మామూలుగా. ఇప్పుడవన్నీ లేవమ్మా అన్నాను. "దట్స్ నాట్ వాట్ ఐ ఆస్క్‌డ్" అంది. వేలెడంత లేదు, దీనికీ మా నాన్న కన్నే వచ్చింది. పెరుగు తెస్తానని లేచాను. ఆ బోర్డు కావాలి నాకు, ఎందుకు దాచాలి, నీలం మీద నా పేరు కావాలి, నలభై నాలుగేళ్లొచ్చాయి, మోకాలు వంగదు, ఇంకేముంది నా దగ్గర. ఈ తలుపు వెనక నిజం చెబితే ఆ బోర్డు పోతుంది, ఆ టోపీకి కూడా మచ్చ పడుతుంది, మొదటివాడు టాయిలెట్ బూటులో తాగినవాడని ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే రాహుల్ రెండోసారి అబద్ధాలకోరు అవుతాడు. నిన్నటినుంచి ఇవే రెండూ అటూ ఇటూ, ఇవే రెండూ.

లిఫ్టు తెరుచుకుంది. రాహుల్. ముందే మాట్లాడేసి కాఫీకి వెళ్లొచ్చినట్టున్నాడు, చేతిలో కప్పు. లావెక్కాడు, జుట్టు పల్చబడింది, పై పెదవి మీద ఆ గీత అలాగే ఉంది. నాన్నని చూసి ఆగి "నమస్తే అంకుల్, బాగున్నారా" అన్నాడు. "బాగున్నానయ్యా, అమ్మ ఎలా ఉంది" అన్నాడు నాన్న. బాగుందన్నాడు. నావైపు చూడలేదు, నా పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా గోడకి ఆనుకునే నిలబడ్డాడు. తలుపు తెరిచి ఒకామె నా పేరు పిలిచింది, పూర్తి పేరు, విజయభాస్కర్, తడుముకోకుండా. నాన్న ఫ్లాస్కు కుర్చీ మీద పెట్టి నాకంటే ముందు లేచాడు.

పొడుగు బల్ల. అవతల ముగ్గురు, మధ్యలో తెల్లజుట్టు ఆవిడ. రాహుల్ మా వెనకే వచ్చి ఆ చివర కూర్చున్నాడు. బల్ల మీద రెండే ఉన్నాయి, నా ఉత్తరం, ఆ ఫొటో. ఫొటో క్లబ్బే పంపిందట, నేను నవ్వుతూ తాగానని చూపించడానికి. నిజమే, నవ్వుతున్నాను, గోడ మీద చూసినప్పుడల్లా ఆ నవ్వు చూడలేకే మొహం తిప్పుకునేవాణ్ణి. ఆవిడ ఉత్తరం పైకి చదివింది. నా సొంత బూటులో, ఇష్టపూర్వకంగా. ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూసింది. "హూజ్ బూట్ వాజ్ ఇట్?" అంది. అదే ప్రశ్న. చేతిలో కేకు ముక్క ఉన్నట్టే అనిపించింది. నాదే అనే మాట నాలుక మీదకి వచ్చేసింది, అలవాటు కదా, తయారుగా ఉంటుంది. పక్కన నాన్న ఊపిరి వినిపిస్తోంది. కళ్లముందు పింకీ అన్నం కలుపుతోంది. వెనక్కి నడిచాను, పదిహేడు అడుగులు.

నాది కాదు అన్నాను. టాయిలెట్ తలుపుకి అడ్డం పెట్టే బూటు అన్నాను. మిగతావాళ్లంతా ఎవరి బూటులో వాళ్లు తాగారు, నాకు మాత్రం అది ఇచ్చారు, పదేళ్లకి రాహుల్‌కీ అదే ఇచ్చారు, వాడు చెప్పిన ప్రతి మాటా నిజం, నేను అక్కడే ఉన్నాను, ఆపలేదు, ఆ ఉత్తరంలో ఉన్నదంతా అబద్ధం. ఒక్క ఊపిరిలో చెప్పేశాను. రాహుల్ తల ఎత్తలేదు, కప్పు మూత గోటితో గీకుతున్నాడు. వాడు క్షమిస్తాడని నేను అనుకోలేదు, అడగలేదు కూడా. తెల్లజుట్టు ఆవిడ ఏదో రాసుకుని, ఇన్నేళ్ల తర్వాత మాట మారుస్తున్నారు, దీనికి ఇంకేదైనా ఆధారం ఉందా అంది. లేదన్నాను.

కుర్చీ కిర్రుమంది. నాన్న లేచాడు. తోడొచ్చినవాళ్లు మాట్లాడకూడదండీ అంది పక్కనావిడ. ఆయన వినిపించుకోలేదు, బల్ల మీదకి వంగి, టై కాగితాల మీద పడకుండా ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతి వేలు ఫొటో అడుగున పెట్టాడు. "మేడమ్, ప్లీజ్ సీ ది ఫీట్. టూ బూట్స్, బోత్ ఆన్ హిజ్ ఫీట్. ఐ ఓన్లీ పాలిష్డ్ దెమ్." నేను వంగి చూశాను. నా మొహం, నా నవ్వు, మొహానికి ఎత్తి పట్టిన ఆ నల్లటి బూటు, కింద నా రెండు కాళ్లు, రెండు బూట్లూ కాళ్లకే ఉన్నాయి, తెల్లగా, లేసులు కట్టే ఉన్నాయి. ఇరవై నాలుగేళ్లు గోడ మీద ఉంది ఆ ఫొటో. నాన్న వేలు తీసి కుర్చీలో కూర్చుని, నావైపు తిరిగి మెల్లగా తెలుగులో అన్నాడు.

"ఆరోజు అడిగాను కదరా."